మూడో గురువారం, ఆరున్నరకి

ఆగస్టు 7

లైబ్రేరియన్ ఎట్టకేలకు ఒప్పుకుంది. మా బ్రాంచిలో బుక్ క్లబ్ ఇదివరకే ఒకటి ఉంది. అందులో చదివేవన్నీ హత్యల నవలలు. ఎవరు చంపారో తేలిపోయాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు, కుకీలు తిని లేచిపోతారు. నల్లజాతి రచయితల నవలలు వరసగా కొన్ని చదువుదామని వాలంటీర్‌గా నేను అడిగితే, "ఫిబ్రవరిలో పెట్టుకుందాం, బ్లాక్ హిస్టరీ మంత్ కదా" అంది. ఫిబ్రవరి వద్దన్నాను. ఇందులో ఆదర్శమేమీ లేదు, కాపీల గొడవ. ఫిబ్రవరి వచ్చిందంటే ఉత్తర వర్జీనియాలో ప్రతి స్కూలుకీ, ప్రతి బ్రాంచికీ ఇవే పుస్తకాలు కావాలి. హోల్డ్ పెడితే, అంటే మనకోసం తీసిపెట్టమని వరసలో పేరు రాయించుకుంటే, మార్చిలో చేతికొస్తాయి. సెప్టెంబర్లో అయితే అల్మారాల్లో ఖాళీగా ఉంటాయి. ఈ లెక్క ఆవిడకి నచ్చింది.

ఒప్పందం ఇదీ: నెలలో మూడో గురువారం, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. చిన్న మీటింగ్ రూమ్, 14 కుర్చీలు. పుస్తకాలు కిట్టుగా ఇస్తారు, అంటే ఒక గుడ్డసంచిలో ఒకే నవల 10 కాపీలు. సంచి నా పేరు మీద ఉంటుంది. పోతే డబ్బు కట్టాల్సింది కూడా నేనే.

నాకు సాహిత్యంలో డిగ్రీ లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏది ఎక్కడ విరుగుతుందో రాసిపెట్టుకోవడం అలవాటు కాబట్టి ఈ డైరీ.

ఆగస్టు 19

నాలుగు నవలలు ఖాయం. ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’, నెల్లా లార్సెన్ ‘పాసింగ్’, జోరా నీల్ హర్‌స్టన్ ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’, ఎడ్వర్డ్ పి. జోన్స్ ‘ద నోన్ వరల్డ్’. టోనీ మారిసన్‌ని తెలిసే పక్కన పెట్టాను. ఆవిడ కష్టమైన నవల ‘బిలవ్డ్’తో మొదలుపెడితే రెండో నెలకి గదిలో నేనూ లైబ్రేరియనూ మిగులుతాం. జనం చదవడం మానేయనంత వేగంగా నడిచే కథ ముందుండాలి. అందుకే మొదట ‘కిండ్రెడ్’.

పోస్టర్ లైబ్రరీలో ఒకటి, ఇండియన్ గ్రోసరీలో ఒకటి. గ్రోసరీలో మనది కర్ణాటక సంగీతం క్లాసులకీ, ఇంట్లో చేసిన పచ్చళ్లకీ మధ్య.

సెప్టెంబర్ 18 – ‘కిండ్రెడ్’

తొమ్మిది మంది. భయపడినదానికంటే నయం.

1979 నాటి నవల. 1976లో కాలిఫోర్నియాలో ఉన్న డేనా అనే నల్లజాతి రచయిత్రికి ఉన్నట్టుండి కళ్లు తిరుగుతాయి. కళ్లు తెరిచేసరికి మేరీలాండ్‌లో, బానిసత్వపు రోజుల్లో, ఏటి ఒడ్డున ఉంటుంది. నీళ్లలో మునిగిపోతున్న తెల్లపిల్లాడిని కాపాడుతుంది. ఆ పిల్లాడి పేరు రూఫస్. వాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఈమె అక్కడికి లాగబడుతుంది, తన ప్రాణం మీదికి వస్తే తిరిగి పడుతుంది. మెలిక ఏమిటంటే, పెద్దయ్యాక యజమాని అయ్యే ఆ రూఫస్ డేనాకి పూర్వీకుడు. వాడు బతకాలి, లేకపోతే ఈమె పుట్టదు.

నేను పుస్తకం వెనక అచ్చేసిన ప్రశ్నలు ప్రింట్ తీసి పంచాను. పెద్ద తప్పు. "రచయిత్రి కాలప్రయాణాన్ని ఎందుకు ఎంచుకుంది?" అనగానే అందరూ పదో తరగతి పిల్లల్లా తలలు దించుకున్నారు. ఇరవై నిమిషాలు అలాగే ఈడ్చాను.

రెండో తప్పు నాకు తెలియలేదు, తర్వాత చెబితే తెలిసింది. గ్రూపులో ఒక రిటైర్డ్ నర్సు ఉన్నారు. డెబ్భై దాటిన నల్లజాతి ఆవిడ, జార్జియాలో పుట్టి పెరిగారు. ప్రతి ప్రశ్న చివరా నేను ఆవిడ వైపే తిరిగి "మీకెలా అనిపించింది?" అంటున్నానట. మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దుతూ ఆవిడే అన్నారు: "చూడమ్మా, నేనూ నీలాగే ఈ పుస్తకం ఇప్పుడే చదివాను. నేను 1815లో లేను. నలభై ఏళ్లు నర్సుగా చేశాను, అసలు నాకు ఆ సంచి గురించి మాట్లాడాలని ఉంది. దాని గురించి మాత్రం ఎవరూ అడగలేదు."

సంచి అంటే డేనా నడుముకి కట్టుకునే సంచి. మళ్లీ ఎప్పుడు లాగబడుతుందో తెలియదు కాబట్టి కత్తి, సబ్బు, మందుబిళ్లలు అందులో వేసుకుని, ఇంట్లో కూడా దాన్ని ఒంటికి కట్టుకునే తిరుగుతుంది. నిజానికి ఆ సాయంత్రం బతికింది కూడా ఆ సంచి వల్లే. ఏడున్నరకి ప్రింట్లు పక్కన పడేసి "మీరైతే ఏం పెట్టుకుంటారు?" అని అడిగాను. అప్పుడు లేచింది గది. ఒకరు యాంటీబయాటిక్స్ అన్నారు, ఒకరు మ్యాపు. నేను పాస్‌పోర్టూ, ఈ దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 కాగితమూ అన్నాను. ఇరవై ఏళ్ల వీసా బతుకు, నోట్లోంచి అదే వస్తుంది. అందరూ నవ్వారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన నల్లజాతి పెద్దాయన ఒక్కరే నవ్వలేదు. "నాకూ కాగితమే కావాలి. నేను స్వతంత్రుణ్ణని రాసిన కాగితం. అది లేకపోతే మిగతావి ఎందుకు?" అన్నారు.

పార్కింగ్‌లో ఒక తెలుగు కుర్రాడు కలిశాడు. ఎంఎస్ అయిపోయింది, గ్రోసరీలో పోస్టర్ చూసి వచ్చాడట. ఒంగోలు దగ్గర. "మీ ఇంటిపేరేంటి బాబూ?" అంటే "అందరూ నన్ను పేరుతోనే పిలుస్తారక్కా" అని కారు తాళాలు వెతుక్కున్నాడు. సిగ్గరి.

సెప్టెంబర్ 25

వచ్చే నెలకి మార్పులు: అచ్చు ప్రశ్నలు వద్దు. ప్రతి ఒక్కరూ పుస్తకంలో ఒక వస్తువునో ఒక పనినో పట్టుకుని రావాలి. టేబుల్ తీసేసి కుర్చీలు గుండ్రంగా. నేను ఎవరి వైపూ తిరిగి అడగకూడదు.

అక్టోబర్ 16 – ‘పాసింగ్’

1929లో వచ్చింది, పల్చటి పుస్తకం. ఏడుగురు వచ్చారు, ఏడుగురూ పూర్తి చేసి వచ్చారు. ఇలా జరగడం నేను ఎక్కడా చూడలేదు.

తెల్లవాళ్లుగా చలామణీ కాగలిగినంత లేత రంగున్న ఇద్దరు నల్లజాతి స్నేహితురాళ్లు ఐరీన్, క్లేర్. క్లేర్ ఏకంగా గీత దాటేసి, నల్లవాళ్లంటే అసహ్యించుకునే తెల్లవాడిని పెళ్లి చేసుకుంది. ఆయనకి సంగతి తెలియదు. ఐరీన్ న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెమ్‌లో నల్లజాతి డాక్టరు భార్యగా పరువుగా ఉంటుంది. కానీ ఎండకి కళ్లు తిరిగితే షికాగోలో తెల్లవాళ్ల హోటల్ మేడ మీద చల్లటి టీ తాగడానికి ఆవిడా ఒక పూట గీత దాటుతుంది. మా లైబ్రేరియన్ పట్టుకొచ్చిన వస్తువు ఆ టీ గ్లాసు.

మొదలుపెట్టకముందే ఒక సమస్య. క్లేర్ మొగుడు ఆమెని ముద్దుగా పిలిచే పేరు, నల్లవాళ్లని తిట్టే ఆ మాట నుంచి వచ్చిందే. ఒకరు ఆ పేజీ పైకి చదవబోతే నర్సుగారు చెయ్యెత్తారు. "అచ్చులో ఉంది, అందరి కళ్లకీ కనిపిస్తోంది. గదిలో వినిపించక్కర్లేదు." అంతే, రూలు అయిపోయింది. పైకి చదివేటప్పుడు ఆ మాట దగ్గర ఆగి, దాటి వెళ్లాలి.

లార్సెన్ గురించి చెప్పాక నర్సుగారి మొహం వెలిగింది. లార్సెన్ నర్సు ట్రైనింగ్ అయ్యాక న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ల స్కూల్లో చదివి, హార్లెమ్‌లో 135వ వీధి బ్రాంచిలో లైబ్రేరియన్‌గా చేసింది. రెండు నవలలు రాసి, తర్వాత మళ్లీ నర్సుగానే పనిచేసి 1964లో చనిపోయింది. "చూశారా, చివరికి బిల్లులు కట్టేది మా వృత్తే" అన్నారు.

ఇక అసలు సంగతి. ఒంగోలు కుర్రాడు మొదటిసారి నోరు విప్పాడు. అతను పట్టుకొచ్చింది వస్తువు కాదు, ఐరీన్ నవ్వు. క్లేర్ మొగుడు సంగతి తెలియక ఐరీన్ ఎదుటే నల్లవాళ్లని వెక్కిరిస్తుంటే, ఐరీన్ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక నవ్వుతూనే ఉంటుంది. అందరం దాన్ని హిస్టీరియా అనో, భయమనో అన్నాం.

"ఆవిడ ఎందుకు నవ్విందో నాకు తెలుసు" అన్నాడు. ఇంగ్లీషులో, కిందకి చూస్తూ. రెండేళ్లు నలుగురు తెలుగువాళ్లతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. రిజర్వేషన్ల మీద, కులాల మీద జోకులు రోజూ ఉండేవి. ఇతని ఇంటిపేరు వాళ్లకి తెలియదు, ఇనిషియల్ ఒక్కటే తెలుసు. ఎవరైనా అడిగితే ఊరి పేరు చెప్పేవాడు. "జోకు వేసినప్పుడు అందరికంటే ముందు నేనే నవ్వేవాడిని. లేటైతే చూస్తారు కదా."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. పోస్టాఫీసు పెద్దాయన "ఇంటిపేరులో ఏముంటుంది?" అని నన్ను అడిగారు. చెప్పాల్సి వచ్చింది. మా వైపు "మీదే ఊరు?" తర్వాత "ఇంటిపేరేంటి?" వస్తుంది, ఇంటిపేరుతో తేలకపోతే "మీరేమిట్లు?" వస్తుంది. కూర వడ్డిస్తూ, నవ్వుతూ అడుగుతారు. నా ఇంటిపేరు చెబితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు, అందుకే అది ప్రశ్న అని కూడా నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఇంకోటి కూడా చెప్పాను: ఆ నవలకి ఆరేళ్ల ముందు, 1923లో, పౌరసత్వం కోసం భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ ఇదే దేశపు సుప్రీంకోర్టులో తాను పై కులంవాడిననీ, ఆర్యుడిననీ, కాబట్టి తెల్లవాడినే అనీ వాదించి ఓడిపోయాడు. గీత దాటడానికి ఆయన చూపించిన పాసు కులం. పెద్దాయన చాలాసేపు తలూపుతూ కూర్చున్నారు.

క్లేర్ చివర్లో కిటికీలోంచి పడుతుంది. తనే దూకిందా, జారిందా, ఐరీన్ తోసిందా? ఓట్లు వేశాం: తోసింది నాలుగు, జారింది రెండు, తటస్థం ఒకటి.

ఇంటికొచ్చి పోయిన నెల పేజీ తిప్పి చూశాను. ‘సిగ్గరి’ అని రాసి ఉంది. కొట్టేయలేదు, అలాగే ఉంచాను.

అక్టోబర్ 22

కిట్టు తిరిగిచ్చాను. సంచిలో తొమ్మిదే ఉన్నాయి. లైబ్రేరియన్ "వస్తుందిలే" అంది. ఆవిడకేం, పేరు నాది.

నవంబర్ 11

టెన్షన్ మొదలైంది. హర్‌స్టన్ నవల ఎవరికీ పడటం లేదు. ముగ్గురు మెయిల్ పెట్టారు, భాష అర్థం కావట్లేదని. మాటలన్నీ ఫ్లారిడా పల్లె నల్లవాళ్ల యాసలో, చెవికి వినపడ్డట్టే రాసింది. ‘ఐ’ ఉండాల్సిన చోటల్లా ‘ఆ’ అని ఉంటుంది. నేనూ ఇరవై పేజీలకి మూడు రాత్రులు తీసుకున్నాను.

పైగా పేజీ నంబర్లు. కిట్టులో ఒక ముద్రణ, సొంతంగా కొనుక్కున్నవాళ్లది ఇంకోటి, ఫోన్లో చదివేవాళ్లకి అసలు పేజీలే లేవు. ఇకనుంచి అధ్యాయం నంబరు, పేరా మొదటి రెండు మాటలు, అంతే.

నర్సుగారికి ఫోన్ చేసి ఒక పేజీ పైకి చదువుతారా అని అడగబోయి, మొదటి నెల గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. మళ్లీ ఆవిడనే ముందుకు తోస్తున్నానా? ఆ మాటే ఆవిడతో అన్నాను. నవ్వారు. "అది అభిప్రాయం అడగడం, ఇది పని అడగడం. పని చేస్తాను" అన్నారు.

నవంబర్ 20 – ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’

పన్నెండు మంది. గదికి రెండు కుర్చీలు మాత్రమే మిగిలాయి.

లైట్లు సగం ఆపమన్నారు నర్సుగారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. మొదటి అధ్యాయం: పొద్దు గూకేవేళ పనులు ముగించుకుని జనం వరండాల్లో చేరి ఉంటారు. ఊరొదిలి వెళ్లిన జేనీ తిరిగి నడిచొస్తుంటుంది. నలభై ఏళ్ల ఆడమనిషి, మట్టి కొట్టుకున్న మగవాళ్ల పని బట్టల్లో, జుట్టు వదిలేసి. అరుగు మీద నోళ్లు లేస్తాయి. పోయినప్పుడు కట్టుకున్న నీలం పట్టు గౌను ఏదీ, వెంటబెట్టుకుపోయిన కుర్రాడేడీ, ఆ డబ్బేమయిందీ.

నాకు మూడు రాత్రులు పట్టిన పేజీలు ఆవిడ నోట్లో ఏడు నిమిషాలు. ఒక్క మాట అర్థం కాకుండా పోలేదు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ మింగాలో, ఎక్కడ మూతి విరవాలో అన్నీ ఆ అక్షరాల్లోనే ఉన్నాయి. మేం కళ్లతో చదివి తప్పు చేశాం. అది కాగితం మీద పెట్టిన నోరు.

అప్పుడు గొడవ వచ్చింది, మంచి గొడవ. నవల 1937లో రాగానే రిచర్డ్ రైట్ అనే నల్లజాతి రచయితే దాన్ని ఏకిపారేశాడు. నల్లవాళ్ల యాసని తెల్లవాళ్లు నవ్వుకోవడానికి వాడింది అన్నాడు. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే వేషాల ఆటలు ఆ దేశంలో అప్పటికి వందేళ్లుగా ఉన్నాయి. పోస్టాఫీసు పెద్దాయన రైట్ పక్షం. "మా నాన్న ఆ యాస పోగొట్టుకోవడానికి రేడియో ముందు కూర్చుని ప్రాక్టీస్ చేశాడు. ఉద్యోగం కోసం. నాకు దీన్ని చూస్తే ముచ్చట కాదు, చెమట పడుతుంది" అన్నారు. నర్సుగారు: "మీ నాన్న దేనికి సిగ్గుపడ్డారో దానికి ఈవిడ సిగ్గుపడలేదు. అంతే తేడా." హర్‌స్టన్ పెరిగిన ఈటన్‌విల్ 1887లో నల్లవాళ్లే స్థాపించుకున్న ఊరు, వాళ్ల నాన్న దానికి మేయరుగా చేశాడు. వెక్కిరించే తెల్లవాడు లేని అరుగు మీద పెరిగిన పిల్లకి ఆ భాష వేషం కాదు, ఇంట్లో మాట. ఇది నా అభిప్రాయం. పెద్దాయన ఒప్పుకోలేదు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

నాకు మాత్రం ‘ఆ’ దగ్గరే ఆగిపోయింది. మా శ్రీకాకుళం పల్లెల్లో ‘నేను’ అనరు, ‘నాను’ అంటారు. హైదరాబాద్ హాస్టల్లో మొదటి వారం నిద్రమత్తులో ఒక్కసారి ‘నాను’ అన్నాను. నాలుగేళ్లు నా పేరు అదే అయింది. సినిమాల్లో మా యాస పనివాళ్లకీ కమెడియన్లకీ ఇచ్చారు. థియేటర్లో అది వినపడగానే జనం ముందే నవ్వడానికి సిద్ధమవుతారు, ఇంకా జోకు రాకముందే. ఇప్పుడు మా అమ్మతో ఫోన్లో తప్ప ఎక్కడా నా నోటికి అది రాదు.

ఇది చెప్పగానే నర్సుగారు వదల్లేదు. "వినిపించు." ఇంగ్లీషు క్లబ్బులో తెలుగేంటని మొహమాటపడ్డాను. చివరికి మా అమ్మమ్మ గుమ్మంలోంచి పక్కింటావిడని పిలిచే పిలుపు అన్నాను: "ఓలమ్మో, ఆ గుంట ఏటి సేసినాదో సూసినావేటే! బేగి రాయే, నాను సెప్తాను!" ఒంగోలు కుర్రాడికి తప్ప ఎవరికీ ఒక్క ముక్క తెలియదు, కానీ పదకొండు మందీ ముందుకి వంగారు. ఒంగోలు కుర్రాడు ‘ఓలమ్మో’ దగ్గర నవ్వలేదు. ‘బేగి రాయే’ దగ్గర నవ్వాడు. సరైన చోట.

ఎనిమిదింబావుకి సెక్యూరిటీ వచ్చి తలుపు కొట్టాడు.

డిసెంబర్ 6

సెలవుల వల్ల ఈ నెల మీటింగ్ లేదు. శనివారం ఐదుగురం వర్జీనియాలోనే ఉన్న అలెగ్జాండ్రియా ఊరికి వెళ్లాం. లైబ్రేరియన్ ఆలోచన.

1939 ఆగస్టు 21న అక్కడి పబ్లిక్ లైబ్రరీకి ఐదుగురు నల్లజాతి యువకులు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి కార్డు అడిగారు. కుదరదన్నారు. ప్రతి ఒక్కరూ అల్మారాలోంచి ఒక పుస్తకం తీసుకుని, వేరే వేరే బల్లల దగ్గర కూర్చుని, చప్పుడు చేయకుండా చదవడం మొదలుపెట్టారు. పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. చప్పుడు చేయకుండా చదివినందుకు. వెనక ఉండి నడిపించింది శామ్యూల్ టక్కర్ అనే యువ లాయరు. ఊరివాళ్లు తలుపులు తెరవలేదు, 1940లో నల్లవాళ్లకంటూ ఒక చిన్న లైబ్రరీ వేరే కట్టేశారు. ఆ కార్డు నాకు అక్కర్లేదని టక్కర్ ఉత్తరం రాశాడు. ఆ చిన్న లైబ్రరీ ఇప్పుడు మ్యూజియం.

మా లైబ్రేరియన్ తిరుగు ప్రయాణంలో పెద్దగా మాట్లాడలేదు. వాళ్ల బ్రాంచిలో కొత్త కార్డుకి అడ్రస్ ప్రూఫ్ చాలు, మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాలు రోజూ చేసేది ఆవిడే.

జనవరి 15 – ‘ద నోన్ వరల్డ్’

ఐదుగురు. చలి అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ నిజం అది కాదు, పుస్తకం కష్టం. కాలం ఒక వాక్యంలోనే యాభై ఏళ్లు ముందుకి దూకి వెనక్కి వస్తుంది. మనుషులు చాలామంది. చదవడానికి రెండు నెలలు ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. రెండు నెలలు ఉంటే అందరూ చివరి వారంలోనే మొదలుపెడతారు, అది గుర్తుంచుకోవాలి.

వర్జీనియాలో కథ. హెన్రీ టౌన్సెండ్ నల్లవాడు, ఒకప్పటి బానిస. వాళ్ల నాన్న అగస్టస్ కష్టపడి ముందు తనని తాను కొనుక్కుని, తర్వాత భార్యని, ఆ తర్వాత కొడుకుని విడిపించాడు. ఆ కొడుకు పెద్దయి తనే బానిసల్ని కొన్నాడు, చనిపోయేనాటికి 33 మంది. జోన్స్‌కి దీనికే 2004లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులోని మాంచెస్టర్ కౌంటీ, జనాభా లెక్కలతో సహా, మొత్తం కల్పన. నేను మ్యాపులో వెతికాను. ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఇంకో ఇద్దరు కూడా వెతికారట.

ఈసారి వస్తువు తెచ్చింది పోస్టాఫీసు పెద్దాయన ఒక్కరే. స్వతంత్రుడైన అగస్టస్‌ని రాత్రి దారిలో గస్తీవాళ్లు ఆపుతారు. ఆయన కాగితాలు చూపిస్తాడు. గస్తీవాడు వాటిని నోట్లో పెట్టుకుని నమిలి మింగేస్తాడు. తర్వాత ఆయన్ని అమ్మేస్తారు.

పెద్దాయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "సెప్టెంబర్లో సంచిలో కాగితం పెట్టుకుంటానన్నాను కదా" అన్నారు. "వెనక్కి తీసుకుంటున్నాను." ఎవరం ఏమీ అనలేదు. కాసేపటికి నర్సుగారు "అయితే కత్తి పెట్టుకో" అన్నారు, ఆయన నవ్వారు.

మిగతా గంటంతా హెన్రీ గురించే. విడిపించిన తండ్రి ఇంటికి వచ్చి, బానిసని కొన్నానని కొడుకు చెప్పే రాత్రి గురించి. ఐదుగురితో జరిగిన మీటింగ్ పన్నెండు మందితో జరిగినదానికంటే చిక్కగా ఉంది, కానీ లైబ్రరీ రిజిస్టర్లో అంకెలే రాస్తారు.

జనవరి 20

ఫిబ్రవరి 19కి జెస్మిన్ వార్డ్ ‘సాల్వేజ్ ద బోన్స్’ అనుకున్నాం. కిట్టు బుక్ అయిపోయింది. విడి కాపీలన్నిటి మీదా హోల్డులే. ఆగస్టులో నేనే చెప్పాను, నేనే మర్చిపోయాను. పక్క కౌంటీ నుంచి ఆరు కాపీలు తెప్పిస్తానంది లైబ్రేరియన్.

‘పాసింగ్’ తప్పిపోయిన కాపీకి బిల్లు వచ్చింది. కడదామని లాగిన్ అవుతుంటే ఒంగోలు కుర్రాడి నుంచి వాట్సాప్: "సారీ అక్కా, ఒక కాపీ ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయింది. మా రూమ్మేట్ చదువుతున్నాడు. సగంలో ఉన్నాడు. ఇంకో వారం ఉంచుకోవచ్చా?"

ఏ రూమ్మేట్ అని అడగలేదు. ఉంచుకోమన్నాను. లైబ్రేరియన్‌కి ఫోన్ చేసి, ఆ కాపీ పోలేదు, బిల్లు ఆపమని చెప్పాను.